ఇంగ్లీషు ఆనందవాచకములు – తెలుగు పలుకుబడి

పరభాషను నేర్చువానికి వస్తువుల పేళ్లు త్వరగా పట్టుబడును. బల్లను, కిటికీని, చెట్టును, బండిని ఇంగ్లీషువారేమందురో తెలిసికొనుట ఒక దినపు పని. మనస్సున పుట్టు భావముల పేళ్లు అంత సులభముగా లొంగవు. వానిలో సంతోషమును తెలుపు మాటలు మరింత జారుడు స్వభావము కలవి. 'జాయ్', 'డిలైట్', 'ప్లెషర్', 'హ్యాపీనెస్', 'బ్లిస్', 'గ్లీ', 'మర్త్', 'రాప్చర్', 'ఎక్‌స్టసీ' అని ఇంగ్లీషువారు పెక్కు మాటలు వాడుదురు. మన అనువాదములలోను, పిల్లల వ్రాతపుస్తకములలోను, సభల ఆహ్వానపత్రికలలోను ఇవి యన్నియు తరచుగా 'ఆనందము' అను నొక్క మాటగా మారిపోవుచున్నవి. తెలుగునకు నిజముగా మాటలు కరవైనవా? లేక వెదకవలసిన చోట మనము వెదకుట లేదా? ఈ ప్రశ్నను విమర్శించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ ప్రశ్న ఆంధ్రదేశమున నున్నవారికంటె బెంగుళూరు తెలుగువారికి మరింత దగ్గరది. 1537లో కెంపేగౌడ నెలకొల్పిన పాతపేటలో భాగమైన నగర్తపేటయందు ఒక పిల్లవాడు ఇంట తెలుగును, అంగడిలో కన్నడమును, ఇరుగుపొరుగున తమిళమును, దక్కనీ ఉర్దూను వినుచు పెరుగును. ఇంగ్లీషు చదువునకును, ఉద్యోగమునకును ద్వారమై యెదుట నిలిచియుండును. 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమికదశయందు మాతృభాషాబోధనకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని చెప్పుచున్నది. అట్టి చట్టము బడిని నిలుపగలదు. ఇంటి నుడిని వ్రాతపుస్తకము వరకు నడిపించుట మాత్రము ఉపాధ్యాయునిదే భారము.

నిఘంటువుల మార్గము

సంతోషమునకు పర్యాయపదములు కూర్చుట మనకు క్రొత్త కాదు. అమరసింహుడు ముత్తు, ప్రీతి, ప్రమదము, హర్షము, ప్రమోదము, ఆమోదము, సమ్మదము, ఆనందథువు, ఆనందము, శర్మము, శాతము, సుఖము అను పండ్రెండింటిని ఒకచోట చేర్చెను. పద్యము వ్రాయువానికి గణమునకు కుదిరిన మాట కావలెను గనుక ఇట్టి పట్టిక యెంతయో ఉపకరించును. అయితే పర్యాయపదముల పట్టిక మాటల పోలికను చూపును గాని వాని తేడాను చూపదు. హర్షమునకు మూలమైన హృష్ ధాతువునందు రోమములు నిక్కబొడుచుకొనుట యను అర్థము కలదు. సంతోషము తుష్ ధాతుజన్యము; తృప్తి దాని పునాది. ఉల్లాసమునందు ప్రకాశించుటను తెలుపు లస్ ధాతువున్నది. ఆమోదమునకు పరిమళమనియు అర్థము కలదు. నేడు మనము దానిని అంగీకారమను అర్థమున వాడుచున్నాము. పట్టికలో చేరగానే ఈ తేడాలు మరుగుపడి, ఒకదానికి బదులు మరియొకటి నిలుపదగిన మాటలుగా ఇవి కనబడును.

సి.పి. బ్రౌను 1852లో ప్రకటించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువునందు కవిప్రయోగములతోపాటు జనుల నోటి మాటలకును చోటు దొరకినది. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము 1885లో వెలువడినది. 1936లో తొలిసంపుటము వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ప్రయోగములను విస్తారముగా చూపినది. ఇవి తెలుగు మాటను పట్టుకొని అర్థమునకు పోవు గ్రంథములు. ఇంగ్లీషు మాటను పట్టుకొని తెలుగునకు వచ్చు చిన్న నిఘంటువులు, అందును విద్యార్థుల చేతికి వచ్చునవి, తరచుగా అమరుని మార్గమునే పట్టుచున్నవి. ఒక ఇంగ్లీషు నామవాచకమున కెదురుగా మూడు నాలుగు సంస్కృత నామవాచకములు నిలుచును. తరువాతి ఇంగ్లీషు మాట కెదురుగా అవియే తారుమారై మరల నిలుచును. అది చూచిన విద్యార్థికి రెండు అభిప్రాయములు కలుగును. ఇంగ్లీషు మాటలలో సూక్ష్మభేదము లున్నవనుట ఒకటి. తెలుగున అవి లేవనుట రెండవది.

ఈ రెండవ అభిప్రాయము తప్పు. దానికి కారణము నామమునకు నామమే బదులు కావలెనను పట్టుదల. ఇంగ్లీషువాని ఆనందసంపద నామవాచకములలోను, విశేషణములలోను కనబడును. తెలుగువాని సంపద ఎక్కువగా క్రియలలోను, శరీరమునకు సంబంధించిన పలుకుబడులలోను దాగియున్నది. పెట్టెలో వెదకవలసినది గూటిలో వెదకి, దొరకలేదని మనము చెప్పుచున్నాము.

ఇంగ్లీషు మాటల పూర్వచరిత్ర

ఈ సంగతి బోధపడవలెనన్న ఇంగ్లీషు మాటలు ఎక్కడనుండి వచ్చినవో కొంత తెలిసికొనవలెను. 'జాయ్' లాటినునందలి 'గౌదియుమ్' నుండి ఫ్రెంచి మీదుగా వచ్చినది. 'ప్లెషర్' కు మూలము ఇష్టమగుట యను అర్థము గల 'ప్లాకేరె' అను లాటిను క్రియ. 'డిలైట్' కు మూలము 'డెలెక్టారె'. దాని వెనుక ఆశపెట్టి తనవైపునకు లాగుకొనుట యను భావము కలదు. 'డిలైట్' వ్రాతలో వెలుగును తెలుపు 'లైట్' అను మాటను పోలిన అక్షరములు 16వ శతాబ్దిలో చేరినవే గాని, వెలుగుతో దానికి చుట్టరికము లేదు. వెలుగుతో నిజమైన చుట్టరికము 'గ్లాడ్' అను మాటకు కలదు. దాని పూర్వార్థము మెరయునది యని. మన ఉల్లాసమును, వారి 'గ్లాడ్' ను ఒకే తలపునుండి పుట్టినట్లున్నవి.

'హ్యాపీ' కథ మరింత వింత. 'హాప్' అనగా అదృష్టము, తటస్థించినది. 'హ్యాపీ' మొదట అదృష్టవంతుడు, తరువాతనే సంతోషి. ఇంగ్లీషువారు పుట్టినరోజునకును, క్రొత్త సంవత్సరమునకును ఈ మాటతో దీవింతురు. మనము దానిని 'శుభాకాంక్షలు' అని తెలిగించితిమి. ఆ తెలిగింపులో సంతోషమను మాటయే లేదు. అయినను 'హ్యాపీ' యొక్క మూలార్థమునకు అది దగ్గరగా నున్నది. మంచి అనువాదము నామమునకు నామమును అతికించుటవలన గాక, ఆ సందర్భమున మనవారేమందురో దానిని అనుటవలన పుట్టుననుటకు ఇది యొక నిదర్శనము.

మాటలు కాలవశమున ఎంత దూరము పోవునో 'సిల్లీ' యను మాట చూపుచున్నది. నేడు తెలివితక్కువవానిని తెలుపు నీ మాట ప్రాచీనకాలమున ధన్యుడు, సుఖి యను అర్థమున నుండెను. ధన్యుడు అమాయకుడై, అమాయకుడు జాలిగొలుపువాడై, తుదకు మూర్ఖుడైనాడు. 'ఫన్' పూర్వము మోసగించుటను, ఆటపట్టించుటను తెలిపెడిది. 1755లో నిఘంటువును ప్రకటించిన శామ్యూల్ జాన్సన్ దానిని నీచపు మాటల కోవలో చేర్చెను. నేడది బడిపిల్లల పాఠములలో నిర్భయముగా తిరుగుచున్నది.

మన విచారణకు మిక్కిలి ముఖ్యమైనవి శరీరముతో ముడిపడిన మాటలు. 'చీర్' అనగా మొదట ముఖము. ముఖమున కనబడు కళ తరువాతి యర్థము. 'ఎగ్జల్ట్' అనగా ఎగిరి దుముకుట. 'ఇలేషన్' అనగా పైకెత్తబడుట. 'థ్రిల్' అనగా తూట్లుపడునట్లు పొడుచుట. ముక్కుపుటమునకు ఇంగ్లీషువారు వాడు 'నాస్ట్రిల్' అను మాటయందును ఈ తూటు కలదు. 'రాప్చర్' అనగా బలవంతముగా లాగుకొనిపోవుట. గ్రీకునుండి వచ్చిన 'ఎక్‌స్టసీ' అనగా తననుండి తాను వెలుపల నిలుచుట. ఇవన్నియు ఒకప్పుడు జరిగిన పనులు, చూడదగిన బొమ్మలు. ఇంగ్లీషునందు ఆ బొమ్మలు చాలవరకు మాసి, నామవాచకములు మిగిలినవి. లాటినును, గ్రీకును ఎరుగని సామాన్య ఇంగ్లీషువానికి 'ఎక్‌స్టసీ' యందు వెలుపల నిలుచుట కనబడదు.

తెలుగు క్రియల సంపద

ఇంగ్లీషున మాసిన ఆ బొమ్మలు తెలుగున నేటికిని రంగు చెడక యున్నవి. కోరిన వార్త విన్నవాని 'మొగము చేటంత' యగును. లాటిను చదువని వృద్ధురాలు ఈ మాట అనగానే ఎదుటివానికి ఆ మొగము కన్నులకు గట్టును. 'చీర్' చెప్పదలచి మరచినది ఇదియే. ఎగిరి గంతులు వేయుట 'ఎగ్జల్ట్'. కాళ్లు నేలమీద ఆనకపోవుట 'ఇలేషన్'. ఒడలు పులకించుట 'థ్రిల్'. మైమరచుట 'ఎక్‌స్టసీ'కి సన్నిహితము. ఇంగ్లీషువాడు తననుండి వెలుపలికి వచ్చుచున్నాడు, తెలుగువాడు తన మేనిని మరచుచున్నాడు. సొక్కుట 'రాప్చర్'తో పొత్తు కలది. ఎదుటివాని కష్టమునకో, తన గెలుపునకో ఉబ్బి కొంత లేకితనముతో సంతోషించుటను నేటి ఇంగ్లీషువారు తరచుగా 'గ్లీ' యందురు. దానిని 'ఆనందము' అనుట ఆనందమునకు అవమానము. 'చంకలు గుద్దుకొనుట' అనిన చాలును. సంతోషమును, దాని లేకితనమును ఒక్కసారిగా వచ్చును.

ఇంగ్లీషు మాటకు సరిపడునవి యిట్లుండగా, ఇంగ్లీషున ఒక్క మాటతో చెప్పరాని తెలుగు క్రియలును కలవు. 'మురియుట' అట్టిది. తల్లి బిడ్డ తొలియడుగులను చూచి మురియును. క్రొత్త చీర కట్టుకొన్న చిన్నది అద్దమున చూచుకొని మురియును. ఇందు సంతోషము, మక్కువ, కొంచెము గర్వము కలిసియున్నవి. అయినను ఆ గర్వము తప్పనిపించదు. 'తనియుట' యనగా కడుపునిండినట్లు మనస్సు నిండుట. తనివితీర చూచుట, తనివితీర ఏడ్చుట యని దుఃఖమునకును దీనిని వాడుదుము. 'అలరుట' వికాసమునకు సంబంధించినది. అలరు అనగా పువ్వు. 'పొంగుట' పాలకుండను తలపించును. బిడ్డ పేరు పరీక్షాఫలితములలో చూచిన తండ్రి పొంగును; పొగడ్త విన్న అల్పుడు ఉబ్బును. పొంగుటకును ఉబ్బుటకును గల తేడాను తెలుగు పిల్లవానికి ఎవరును నేర్పనక్కరలేదు. ఇంటిలో విని యెరిగియుండును.

నామములలోను కొన్ని ఇట్టివి కలవు. 'వేడుక' యందు చూడవలెనను కోరికయు, చూచునప్పటి సంతోషమును, ఆ సంతోషమునకు కారణమైన ఉత్సవమును ఒకటిగా నున్నవి. 'ముచ్చట' యందు కోరిక కలదు, అందము కలదు. తెలంగాణమున మాటలాడుకొనుటయు ముచ్చటయే. ఒంటరిగా కూర్చున్నవానికి 'హాయి' కలుగవచ్చును గాని 'సంబరము' కలుగుట అరుదు. సంబరమునకు నలుగురు కావలెను. ఇంగ్లీషువారి 'ప్లెషర్' కు ఈ లెక్క లేదు. ఒక్కనికైనను, వందమందికైనను అది ఒక్కటే. తెలుగు పలుకుబడి సంతోషము ఎంత యని అడుగుటకంటె, ఎవరిని చూచి, ఎవరితో కూడి, శరీరమున ఏ చోట అని ఎక్కువగా అడుగుచున్నది.

శరీరమున ఏ చోట అనగా ముందు వచ్చునది కడుపు. ఆలస్యమైన క్షేమవార్త విని పెద్దవారు 'కడుపులో పాలు పోసినావు నాయనా' యందురు. ఆదుకొన్నవానిని 'నీ కడుపు చల్లగా' యని దీవింతురు. చూడగోరినవారిని చూచినప్పుడు 'కళ్లు చల్లబడ్డవి' యందురు. ఎండలు మెండైన దేశమున సంతోషము చల్లదనమై తోచుట సహజము. చలిదేశపు ఇంగ్లీషువాడు ప్రియమైన ఆహ్వానమును వెచ్చనిదనును. దానిని మక్కికి మక్కిగా 'వెచ్చని స్వాగతము' అని సభలలో పలుకుచున్నారు. వైశాఖమాసపు ఎండలో వచ్చిన అతిథి ఆ మాట వినినచో ఏమనుకొనునో!

'నేను' – 'నాకు'

వ్యాకరణమునందును ఒక తేడా గమనింపదగియున్నది. సంతోషవార్త విన్న ఇంగ్లీషువాడు తనను కర్తగా నిలిపి, తాను 'హ్యాపీ' యనును. తెలుగువాడు 'నాకు సంతోషముగా నున్నది' యనును. సంతోషము తనకు వచ్చి తగిలినది. తాను దానిని పుచ్చుకొన్నవాడు. ఆకలి, నిద్ర, కోపము, భయము, జాలి మొదలగునవి యన్నియు మనకు 'నాకు' అను షష్ఠితోనే వచ్చును. 'నేను సంతోషముగా నున్నాను' అను వాక్యమును తెలుగున కలదు. కాని అది తరచుగా ఈ క్షణమును గాక నిలుకడగల స్థితిని తెలుపును. పెండ్లియై అత్తవారింటికి పోయిన కూతురు పుట్టింటికి వ్రాయు ఉత్తరములో ఆ వాక్యము సరిగా కుదురును.

కన్నడమునందును ఈ తేడా కలదు. 'ననగె సంతోషవాగిదె' యనునది ఒకటి. 'నాను సంతోషవాగిద్దేనె' యనునది వేరొకటి. కావున బెంగుళూరులో పెరుగు పిల్లవానికి ఈ సూక్ష్మమును ఇంగ్లీషు వ్యాకరణముతో గాక వీధిలో వినబడు కన్నడముతో పోల్చి చూపుట సుకరము. 'నేను హ్యాపీ' యను నేటి వాడుకయందు ఇంగ్లీషు మాట ఒక్కటే రాలేదు. ఇంగ్లీషు వాక్యపు వెన్నెముకయు దానితో వచ్చినది. మాటను మార్చి 'నేను ఆనందముగా నున్నాను' అని దిద్దినను ఆ వెన్నెముక మారదు.

చట్టమున, కావ్యమున

తగని మాటను ఎన్నుకొనుట వినుటకు ఎబ్బెట్టగుటతో పోదు, అర్థమే చెడును. రాజ్యాంగము 310వ అధికరణము ప్రకారము కేంద్రప్రభుత్వ సివిలు ఉద్యోగులును, 156వ అధికరణము ప్రకారము గవర్నరులును రాష్ట్రపతి 'ప్లెషర్' ఉన్నంతవరకు పదవియందుందురు. ఇచ్చట 'ప్లెషర్' అనగా సంతోషము కాదు, ఇష్టము, సంకల్పము. 'ప్లాకేరె' యను పూర్వక్రియయందలి 'ఇష్టమగుట' ఇందు నిలిచియున్నది. రాష్ట్రపతి సంతోషముగా నున్నంతకాలము గవర్నరు పదవిలో నుండునని అనువదించినచో చట్టము పరిహాసాస్పదమగును.

'ఎంజాయ్' అట్టిదే. ఆస్తిపత్రములలో ఇంగ్లీషువారు 'ఎంజాయ్‌మెంట్' అనుదానిని మన దస్తావేజులు 'అనుభవము' అని చక్కగా తెలిగించినవి. భూమి వాని స్వాధీనానుభవమున నున్నదనగా వాడు దానిపై కూర్చుండి నవ్వుచున్నాడని కాదు. దాని ఫలమును పొందుచున్నాడని. తెలుగు 'అనుభవించుట' సుఖదుఃఖములు రెండింటికిని చెల్లును. అంతేకాదు, కర్మపదము లేక 'వాడు అనుభవించుచున్నాడు' అనిన దుఃఖమే తోచును. నేటి పిల్లలు 'ఎంజాయ్ చేసితిమి' యనుచోట వారి పెద్దలు 'సరదాగా గడచినది' యనియో, 'వేడుకగా నుండెను' అనియో అనెడివారు. దాని బదులు 'అనుభవించితిమి' యని దిద్దినచో ఆ వనభోజనమున ఏదో యాపద జరిగినదని వినువారు భయపడుదురు.

కావ్యవిమర్శయందు ఈ చిక్కు మరింత లోతైనది. కవిత్వము బోధింపవలెను, రంజింపవలెను అను మాట హొరేసు నాటినుండి పాశ్చాత్యులలో కలదు. ఫిలిప్ సిడ్నీ 1595లో వెలువడిన తన గ్రంథమున 'డిలైట్' వేరు, నవ్వు వేరు అని విడదీసెను. వర్డ్స్‌వర్త్ తన పీఠికయొక్క 1802 ప్రతిలో కవి చదువరికి 'ప్లెషర్' కలిగింపవలసినవాడని చెప్పెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు 'కవిత్వతత్త్వవిచారము' ద్వారా పాశ్చాత్య విమర్శమార్గమును తెలుగున పరిచయము చేసినప్పటినుండి ఈ తలపులు మన విమర్శయందు కలిసిపోయినవి. వీని నన్నింటిని 'ఆనందము' అని తెలిగించుట మనవారికి అలవాటైనది. కాని మన అలంకారశాస్త్రమున రసానందము బ్రహ్మానందముతో పోల్చబడినది. తైత్తిరీయమునందలి ఆనందవల్లి మనుష్యానందమును మొదలుకొని బ్రహ్మానందము వరకు మెట్టుమెట్టునకు నూరంతలుగా హెచ్చించి చెప్పినది. అంత బరువు గల మాటను వర్డ్స్‌వర్త్ 'ప్లెషర్' పైనను, సినిమా ప్రకటనపైనను, ప్రొద్దుటి కాఫీపైనను ఒకే విధముగా మోపుచున్నాము. ఇంగ్లాండున బెంథాము 1789లో ప్రకటించిన గ్రంథమున 'ప్లెషర్'లను పదునాలుగు తెగలుగా విభజించి, వాని తీవ్రతను, నిడివిని కొలువజూచెను. ఆతని 'ప్లెషర్' లెక్కపుస్తకములోనిది. మన ఆనందము ఉపనిషత్తులోనిది. రెండింటికి ఒకే మాట పెట్టినచో బెంథాము వేదాంతిగాను, ఋషి వర్తకుడుగాను కనబడును. బెంథాము మాటకు 'సుఖము' మేలు. సిడ్నీ 'డిలైట్' కు 'రంజనము' మేలు. కవిత్వపు రుచిని చెప్పునప్పుడు 'చవి' యను చక్కని తెలుగు మాట చేతనే యున్నది.

పేటలోని ఇరుగుపొరుగు మాటలు

అన్యభాషాపదములు వచ్చుటయే కీడని నా అభిప్రాయము కాదు. చవి యనగానే 'మజా' జ్ఞప్తికి వచ్చును. పారసీకమున 'మజా' యనగా రుచి. మన 'రసము'నకును అదియే మూలార్థములలో నొకటి. 'ఖుషీ' పారసీకము. 'షోకు'నకు మూలమైన అరబ్బీ మాటకు కోరిక యని అర్థము. 'జల్సా' అరబ్బీయందు కూర్చుండుట, కొలువు. పేటలో తెలుగువాడు చేయెత్తి 'శభాష్' అన్నప్పుడు, తెలియకయే పారసీకమున 'సంతోషముగా నుండుము' అని దీవించుచున్నాడు. ఈ మాటలు వచ్చి తెలుగును చెరపలేదు. ఒక్కొక్కటి ఒక్కొక్క క్రొత్త చోటును చూచుకొని నిలిచినది. జల్సా చేయువాడు వేరు, మురియువాడు వేరు అని అందరును ఎరుగుదురు.

కన్నడముతో మన చుట్టరికము ఇంకను దగ్గరది. కన్నడమున 'హిగ్గు' అనగా విప్పారుట, సంతోషముతో ఉప్పొంగుట. మన పొంగుటకు తోబుట్టువు వంటిది. 'హొట్టె తణ్ణగిరలి' యని కన్నడపు తల్లి దీవించుటయు, 'కడుపు చల్లగా' యని తెలుగుతల్లి దీవించుటయు ఒక్కటే. 'సంభ్రమ' మరింత రమ్యమైన ఉదాహరణము. కన్నడమునందది పండుగనాటి సంతోషము. మన తెలుగున సంభ్రమము తత్తరపాటును, ఆశ్చర్యమును తెలుపును; దాని వికృతియని చెప్పబడు 'సంబరము' పండుగ సంతోషమును నిలుపుకొన్నది. చైత్రపౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి కోవెలనుండి కరగ బయలుదేరినప్పుడు వీధిలో కన్నడమువాడు 'సంభ్రమ' యనును, తెలుగువాడు 'సంబరము' అనును. ఇద్దరును ఒకే మాటను రెండు వేషములలో పలుకుచున్నారని పిల్లలకు చెప్పినచో ఆ రెండు భాషలును వారికి ఒకేసారి దగ్గరయగును.

ఆక్షేపణలు, సమాధానములు

ఇంగ్లీషునందును ఆనందమునకు సజీవమైన పలుకుబడులు లేవా యని కొందరడుగవచ్చును. కలవు, ఆ భాష మాటలాడువారికి అవి ప్రాణప్రదములు. నేను చెప్పునది ఒక భాష గొప్పది, మరియొకటి తక్కువది యని కాదు. అనువాదమునందు మనము వారి నామములనే చూచి, మన క్రియలను చూడకపోవుటను గురించియే నా విమర్శ.

ఈ పలుకుబడులు మోటువి, వ్రాతకు తగవు అని మరికొందరనవచ్చును. ప్రతిచోటను చంకలు గుద్దుకొనవలెనని ఎవరును చెప్పరు. శోకసభకు ఒక నుడి, పెండ్లికి ఒక నుడి కలిగియుండుటయే భాషకు సంపద. పిల్లవాడు ఏది ఎచ్చట తగునో తెలిసికొనవలెనన్న, ముందు అవి యన్నియు వాని యెదుట నుండవలెను గదా!

మూడవ ఆక్షేపణ మిక్కిలి గంభీరమైనది. 'హ్యాపీ', 'ఎంజాయ్', 'సూపర్', 'వావ్' అను నాలుగు మాటలతో పిల్లల పని జరిగిపోవుచుండగా ఈ శ్రమ యెందుకు అని. ఆ మాటలను బడినుండి తరిమి, వాని స్థానమున 'ఆనందము'ను నిలిపినచో భాష రక్షింపబడునని తలచువారును కలరు. ఈ రెండు పక్షములును నాకు ఒకే తప్పు చేయుచున్నట్లు తోచుచున్నది. భాషకు హాని క్రొత్తమాట వచ్చుటవలన గాక, పదిమాటలు చేయు పనిని ఒక్కమాట చేయబూనుటవలన కలుగును. ఆ యొక్కమాట ఇంగ్లీషుదైన నేమి, సంస్కృతమైన నేమి? 'హ్యాపీ'ని కొట్టివేసి 'ఆనందము' అని ఎర్రసిరాతో దిద్దిన ఉపాధ్యాయుడు మురియుటను, పొంగుటను, తనియుటను రక్షించినవాడు కాడు. దూరదేశమున నున్న కుమారుని క్షేమవార్త విని తల్లి 'డిలైట్' చెందినదను వాక్యమును ఇచ్చినచో, తరగతిలో చాలమంది 'ఆనందించెను' అనియే వ్రాయుదురు. అందు వ్యాకరణదోషము లేదు గనుక మార్కులు ఇచ్చుచున్నాము. అదే పిల్లవాని ఇంటిలో అవ్వ అట్టి వార్తకు 'కడుపులో పాలు పోసినట్లున్నది' యనును. అవ్వ తెలుగునకును, మనుమని వ్రాతపుస్తకమునకును నడుమ ఏర్పడిన ఈ ఎడమే మనము భయపడవలసినది. ఆంధ్రదేశమున ఆ నుడి ఇంట పోయినను వీధిలో దొరకవచ్చును. ఇచ్చట ఇంట పోయినచో వీధిలో దొరకదు.

కావున అనువాదము నేర్పునప్పుడు ఈ క్రమమును పాటింపవచ్చునని తోచుచున్నది. ఇంగ్లీషు ఆనందవాచకము కనబడగానే నిఘంటువును తెరువక, ముందు నాలుగు ప్రశ్నలు వేయవలెను. సంతోషించినవారెవరు? దేనిని, ఎవరిని చూచి? ఒంటరిగానా, నలుగురితోనా? మొగమునా, కడుపునా, కన్నులా, కాళ్లా, ఎక్కడ అది కనబడినది? ఈ నాలుగింటికి సమాధానము చెప్పిన పిల్లవానికి క్రియ తనంత తాను నోటికి వచ్చును. రానిచో ఇంటికిపోయి పెద్దవారి నడిగి మరునాడు తెమ్మనవలెను. అట్లు వచ్చిన మాటలను, ఏ సందర్భమున ఎవరన్నారో దానితోపాటు, తరగతికొక పుస్తకమున వ్రాయించి యుంచినచో కొన్ని యేండ్లలో బెంగుళూరు తెలుగువారి ఆనందపు నుడికారమునకు ఒక చిన్న కోశము సిద్ధమగును. అందు రాయలసీమ పలుకుబడులు చేరును, కోలారు, అనేకల్లు ప్రాంతముల తెలుగు చేరును, కన్నడముతో కలిసిపోయిన పేట నుడియు చేరును. పండితుల నిఘంటువులు ఈ పనిని మనకొరకు చేయవలెనని ఎదురుచూడ బనిలేదు. నగర్తపేటలోను, చుట్టుపట్టు పేటలలోను తెలుగు మాటలాడు ప్రతి కుటుంబమును ఇందుకు తోడ్పడవచ్చును. సభ్యులు తమ యిండ్లలో వినిన ఇట్టి మాటలను వ్రాసియుంచి, పిల్లల ఉపాధ్యాయులకు అందజేయుదురు గాక యని ప్రార్థించుచున్నాను.